బొమ్మల చిత్రములు - ఉత్తరకథలు

రాత్రిపూట పిల్లలకు కథ చెప్పు అలవాటు గల గృహములందు ఒక వింత కనబడుచుండును. క్రొత్త కథ చెప్పెదమన్న పిల్లవాడు అంగీకరింపడు. నిన్నటి కథయే కావలెనని పట్టుబట్టును. చెప్పువారు నిద్రమత్తులో ఒక మాట మార్చినచో, అది అట్లు కాదని దిద్దును. నాలుగు దినములు గడచిన పిమ్మట ఆ పిల్లవాడే, తరువాత ఏమయినదని అడుగును. పెండ్లి అయినది, అందరును సుఖముగా నుండిరి అని చెప్పి దీపము ఆర్పబోయిన తల్లికి ఆ ప్రశ్నకు సమాధానము తోచదు. రేడియోలో పిల్లల కార్యక్రమములు నడపు మాకును ఈ రెండు కోరికలు చిరపరిచితములే. అదే నాటికను మరల వినిపింపుడని కొందరు వ్రాయుదురు. దాని తరువాయి భాగము ఎన్నడని మరికొందరు వ్రాయుదురు. అమెరికా దేశమున ఒక మహావ్యాపారము ఈ రెండు కోరికలమీదనే నిలిచియున్నది. కుటుంబమంతయు కలసి చూడదగిన బొమ్మల చిత్రములకు, అనగా యానిమేషను చిత్రములకు, ఉత్తరకథలు నిర్మించు వ్యాపారమది.

ఒక్క 2024 సంవత్సరపు లెక్కలను చూతము. ఆ ఏట ప్రపంచమున అత్యధికముగా వసూలు చేసిన నాలుగు చిత్రములలో మూడు ఈ జాతివే. ‘ఇన్‌సైడ్ అవుట్’ రెండవ భాగమునకు దాదాపు 170 కోట్ల డాలర్లు, ‘మోవానా’ రెండవ భాగమునకు 105 కోట్ల డాలర్లు, ‘డెస్పికబుల్ మీ’ నాలుగవ భాగమునకు 96 కోట్లకు పైగా వచ్చినవి. మరుసటి ఏట విడుదలయిన ‘జూటోపియా’ రెండవ భాగము మూడు వారములు నిండకమునుపే నూరు కోట్ల డాలర్లను దాటినది. ఈ అంకెలు చూచినవారికి, పేరు తెలిసిన సరకు తప్పక అమ్ముడుపోవును, ఇందులో వింత యేమున్నదని తోచవచ్చును. కాని పేరు తెలిసియుండియు చతికిలబడిన ఉత్తరకథలు అనేకములు కలవు. పేరొక్కటియే చాలినచో అవియు గెలువవలసినదే కదా. మాకు తోచినంతవరకు, ఉత్తరకథ జాతకము చాలవరకు సినిమా హాలుకు వెలుపలనే వ్రాయబడుచున్నది. మొదటి చిత్రమునకును రెండవ చిత్రమునకును నడుమ గడచిన సంవత్సరములలో ఆ కథ ఇంటిలో ఎట్లు బ్రతికినది అనుదానినిబట్టి ఈ చిత్రముల భాగ్యము నిర్ణయమగుచున్నది.

ఈ కళకు పెద్దదిక్కయిన వాల్ట్ డిస్నీకి ఉత్తరకథలన్న మొదట గిట్టలేదు. 1933 మే నెలలో ఆయన ‘మూడు పందిపిల్లలు’ అను చిన్న రంగుల చిత్రమును విడుదల చేసెను. అమెరికాలో ఆర్థికమాంద్యము తీవ్రముగా నున్న కాలమది. జనులు ఆ చిత్రములోని తోడేలునందు తమ దారిద్ర్యమును చూచుకొనిరి. ఇటుకలతో ఇల్లు కట్టుకొన్న పందిపిల్లకు చప్పట్లు చరచిరి. న్యూయార్కులోని ఒక హాలులో ఆ చిత్రము వారములకొలది ఆడుటచే, యజమాని గోడపత్రికలమీది పందిపిల్లలకు గడ్డములు అతికించి, వారము వారమునకు ఆ గడ్డములను పెంచుచు వచ్చెనని చెప్పుదురు. చిత్రమునకు అకాడమీ బహుమానము వచ్చినది. ప్రదర్శకులు మరిన్ని పందులను పంపుమని ఒత్తిడి చేసిరి. డిస్నీ మనసొప్పకయే 1934, 1936, 1939 సంవత్సరములలో అవే పాత్రలతో మరి మూడు చిత్రములు తీసి యిచ్చెను. మొదటిదానికి వచ్చిన కీర్తిలో పదియవ వంతయినను వానికి రాలేదు. పందులతో పందులను మించజాలమని ఆయన తరువాత చెప్పుచుండెడివాడు.

ఆ పాఠము ఆయనకు బాగుగా వంటబట్టినది. 1937లో వచ్చిన ‘స్నోవైట్’కు గాని, తరువాతి ‘పినోకియో’, ‘బాంబి’, ‘సిండ్రెల్లా’లకు గాని ఆయన ఉత్తరకథ తీయలేదు. దానికి బదులు మరియొక ఉపాయమును కనిపెట్టెను. పాత చిత్రమునే సుమారు ఏడేండ్లకొకసారి పెట్టెలోనుండి తీసి, క్రొత్తదానివలె మరల విడుదల చేయుటయే ఆ ఉపాయము. ‘స్నోవైట్’ 1944లో వచ్చినది, మరల 1952లో, 1958లో, ఆయన మరణానంతరము 1967లో వచ్చినది. ఏడేండ్లలో ఒక పిల్లలగుంపు పెరిగి పెద్దదగును. తొట్టిలోనున్న మరియొక గుంపు హాలులో కూర్చుండు వయస్సునకు వచ్చును. పెద్దయైన పిల్లలు తమ తమ్ములను, చెల్లెండ్రను వెంటబెట్టుకొని వత్తురు. మరి కొన్నాళ్లకు తమ పిల్లలను తెత్తురు. నిర్మాణవ్యయము లేకయే వచ్చు రాబడి అది. నిన్నటి కథయే కావలెనను పిల్లవాని కోరికను ఇంత చక్కగా వ్యాపారమున పెట్టినవాడు మరియొకడు లేడు.

ఆ పద్ధతిని మార్చినది వీడియో కేసెట్టు. 1980 తరువాత చిత్రములు ఒక్కొక్కటిగా ఇండ్లలోనికి ప్రవేశించినవి. అలమారలో నున్న చిత్రమును ఏడేండ్లు ఆగి హాలులో చూచువారెవరు? పిల్లవాని మొదటి కోరిక ఇక ఇంటిలోనే తీరిపోవుచున్నందున, హాలు యజమానికి మిగిలినది రెండవ కోరిక. తరువాత ఏమయినది? అట్లు ఉత్తరకథలకు కాలము వచ్చినది.

మొదటి ప్రయత్నము మాత్రము విఫలమయినది. డిస్నీ సంస్థ 1977లో తీసిన ‘రెస్క్యూయర్స్’ అను ఎలుకల కథకు 1990 నవంబరులో రెండవ భాగము వచ్చినది. చిత్రలేఖనము అద్భుతము. గరుడపక్షి ఎగురు దృశ్యములను నేటికిని చిత్రకారులు మెచ్చుకొందురు. కాని అది విడుదలయిన దినముననే ‘హోమ్ అలోన్’ అను హాస్యచిత్రము వచ్చి పిల్లలనందరిని తనవైపు త్రిప్పుకొన్నది. మొదటి మూడు దినముల వసూళ్లు చూచిన పెద్దలు టెలివిజనులోని ప్రకటనలను ఆపివేసిరి. సాధారణముగా ఈ నెపమునంతయు ఆ పోటీచిత్రముమీదనే వేయుదురు. మేము మరియొక సంగతిని కూడ గమనింపవలెనందుము. మొదటి ‘రెస్క్యూయర్స్’ వీడియో కేసెట్టుగా ఇండ్లకు చేరినది 1992లో, అనగా రెండవ భాగము వచ్చిపోయిన తరువాత. 1990 నాటి పిల్లవానికి ఆ ఎలుకలు హాలులో ఎప్పుడో ఒకసారి కనబడిన చుట్టములే గాని, ఇంటిలో తిరుగాడిన చుట్టములు కావు.

నాలుగేండ్లకు, 1994లో, ‘అల్లాదీన్’కు రెండవ భాగమును హాలుకు పంపకయే తిన్నగా కేసెట్టుగా అమ్మిరి. కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. అంతట ఆ సంస్థ తన పాత కథలన్నిటికిని తక్కువ ఖర్చుతో కేసెట్టు ఉత్తరకథలను తయారుచేయ మొదలిడెను. వానిలో పెక్కింటిని గురించి మౌనము వహించుటయే మంచిది. ‘టాయ్ స్టోరీ’ రెండవ భాగము కూడ మొదట కేసెట్టు కొరకే సంకల్పింపబడినది. పిక్సార్ సంస్థవారు దానిని హాలుకు తగిన చిత్రముగా పెంచదలచిరి. 1998లో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞచే ఆ చిత్రములో అధికభాగము కంప్యూటర్లనుండి చెరిగిపోయినది. భద్రపరచిన ప్రతులును చెడియుండెను. బాలింతయై ఇంటివద్దనుండి పనిచేయుచున్న ఒక ఉద్యోగిని కంప్యూటరులో నున్న నకలు వారిని ఆదుకొన్నది. వింత యేమనగా, అంత కష్టపడి దక్కించుకొన్న చిత్రము తమకే నచ్చక, వారు కథను మొదటినుండి తిరుగవ్రాసి, సుమారు తొమ్మిది నెలలలో మరల నిర్మించిరి. 1999లో విడుదలయిన ఆ చిత్రము మొదటిదానికంటె ఎక్కువ ధనమును, దానికి తగ్గని గౌరవమును సంపాదించినది. పందులతో పందులను మించవచ్చునని ఋజువయినది.

అటుపిమ్మట పిక్సార్‌వారు పదునొకండేండ్లు ఆగిరి. ఆ జాప్యమునకు సంస్థల నడుమ ఒప్పందముల తగాదాలును కారణమే. అయినను ఫలితము వింతగా వచ్చినది. 2010లో వచ్చిన మూడవ భాగములో బొమ్మల యజమానియైన ఆండీ పదునేడేండ్లవాడై కళాశాలకు పోవుచు, తన బొమ్మలను ఏమి చేయవలెనా యని తర్కించును. 1995లో మూడేండ్లవాడై మొదటి భాగమును చూచిన పిల్లవాడును ఇంచుమించు అదే వయస్సున నున్నాడు. అతనిని హాలుకు తీసికొనిపోయిన తల్లియు అతని పెట్టె సర్దుచున్నది. ఆ చిత్రమునకు నూరు కోట్ల డాలర్లకు పైగా వచ్చినవి. హాలులో కన్నీరు తుడుచుకొన్నవారిలో పిల్లలకంటె పెద్దలే ఎక్కువని చూచినవారందరును చెప్పినదే.

ఈ లెక్క తక్కిన చిత్రములకును వర్తించుచున్నది. 2003 నాటి ‘ఫైండింగ్ నీమో’ డిస్కులు అమెరికా గృహములందు అపారముగా అమ్ముడుపోయినవి. పదుమూడేండ్ల తరువాత వచ్చిన ‘ఫైండింగ్ డోరీ’ 102 కోట్ల డాలర్లను సంపాదించినది. ‘ఇన్‌క్రెడిబుల్స్’ రెండు భాగముల నడుమ పదునాలుగేండ్లు గడచినవి. 63 కోట్ల వసూలు 2018లో 124 కోట్లయినది. ‘ఇన్‌సైడ్ అవుట్’ కథలో 2015 నాటి పదునొకండేండ్ల బాలిక 2024లో పదుమూడేండ్లది. ఆమె మనస్సునందు ఆందోళన, అసూయ, విసుగు, సిగ్గు అను క్రొత్త పాత్రలు చేరినవి. మొదటి భాగమును నాలుగైదేండ్ల ప్రాయమున చూచిన పిల్లలు, రెండవ భాగము వచ్చునప్పటికి ఆ బాలిక ఈడువారయిరి. ఎదుగుచున్న పిల్లలు గల తండ్రులు ఆ చిత్రమును చూచుచు తమ ఇంటిలోని తలుపు చప్పుళ్లకు అర్థమును తెలిసికొనిరి.

ఇంటిలో బ్రతుకుట యన నేమో ‘మోవానా’ చెప్పినంత స్పష్టముగా మరియొక చిత్రము చెప్పదు. 2016లో విడుదలయిన ఆ చిత్రమును 2023వ సంవత్సరములో, అనగా ఏడేండ్ల తరువాత, అమెరికా ప్రజలు తమ ఇండ్లలో ఇంటర్నెట్టు ద్వారా 1,160 కోట్ల నిమిషములపాటు చూచిరని నీల్సన్ సంస్థ లెక్కగట్టినది. ఆ ఏట ఇంటిలో అంత ఎక్కువగా చూడబడిన చిత్రము మరియొకటి లేదు. ఒకే పిల్ల ఒకే చిత్రమును నలుబదిసార్లు చూచుటవలననే ఇట్టి అంకెలు వచ్చును. దాని రెండవ భాగమును మొదట ఇంటివారికొరకే ధారావాహికముగా తీయుచుండిరి. 2024 ఫిబ్రవరిలో మనస్సు మార్చుకొని చలనచిత్రముగా ప్రకటించిరి. ఆ నవంబరులోనే విడుదల చేసిరి. మా అభిప్రాయమున కథ మొదటిదానికి సాటిరాదు. ధారావాహికపు అతుకులు అక్కడక్కడ కనబడుచునే యున్నవి. అయినను వసూళ్లు మొదటిదానిని ఎంతయో మించినవి. హాలు నింపినది రెండవ చిత్రముకంటె, ఇంటిలో నలుబదిసార్లు చూడబడిన మొదటి చిత్రమే యనవలెను.

ఇక పడిపోయినవానిని చూతము. ‘సీక్రెట్ లైఫ్ ఆఫ్ పెట్స్’ 2016లో 87 కోట్ల డాలర్లు గడించినది. మూడేండ్లకే వచ్చిన రెండవ భాగము అందులో సగముతో సరిపెట్టుకొన్నది. ‘లెగో మూవీ’ 2014లో 46 కోట్లు తెచ్చినది. ఒక్క 2017లోనే ఆ పేరుతో మరి రెండు చిత్రములను దింపిరి. 2019లో అసలు రెండవ భాగము వచ్చునప్పటికి 19 కోట్లు మాత్రమే మిగిలినవి. విందులో మొదటిసారి వడ్డించిన బూరెను మెచ్చుకొన్నవాడు నాలుగవసారి విస్తరికి చేయి అడ్డము పెట్టును. 2022 నాటి ‘లైట్‌ఇయర్’ విషయము వేరు. అది ‘టాయ్ స్టోరీ’లోని ఆటబొమ్మకు మూలమైన వ్యోమగామి కథయట. ఇంటిలో పిల్లలు ప్రేమించినది బొమ్మను గాని వ్యోమగామిని కాదు. 20 కోట్ల డాలర్ల వ్యయమునకు 22 కోట్ల వసూలు వచ్చినది.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. ఖర్చుకంటె వసూలు ఎక్కువైనప్పుడు నష్టమెట్లని శ్రోతలు అడుగవచ్చును. అమెరికాలో టిక్కెట్టు సొమ్మున సుమారు సగము హాలువారికే పోవును. చైనాలో విదేశచిత్రమునకు దక్కునది నాలుగవ వంతు మాత్రమే. ప్రకటనల ఖర్చు వేరు. కావున పత్రికలలో కనబడు పెద్ద అంకెను సగమునకు తగ్గించి చదువుకొనుట మంచిది. బొమ్మలు, చొక్కాలు, పుస్తకముల సంచులు తెచ్చు లాభము ఆ అంకెలో చేరదు. చిన్నపిల్లవాడొక్కడు హాలుకు పోజాలడు గనుక అతని వెనుక పెద్దలకును టిక్కెట్లు అమ్ముడుపోవును. ఉత్తరకథలయందు నిర్మాతలకు గల మక్కువకు ఇదియు ఒక కారణము.

కాలమొక్కటియే కలిసివచ్చునని కాదు. ‘ష్రెక్’ రెండవ భాగము మూడేండ్లకే, 2004లోనే, వచ్చి 92 కోట్ల డాలర్లను మించినది. కథలో బలమున్నది గనుక నిలిచినది. మూడవదానికి 81 కోట్లు, నాలుగవదానికి 75 కోట్లు వచ్చుచు మెట్టు మెట్టుగా దిగినది. ఆ కుటుంబములోని బూట్ల పిల్లి కథ రెండవ భాగము 2022 డిసెంబరులో వచ్చినప్పుడు మొదటి వారము హాళ్లు పలుచగానే యున్నవి. కాని చూచినవారు చెప్పగా విని, వారములకొలది జనులు వచ్చుచునే యుండిరి. చివరకు 48 కోట్లయినవి. మృత్యువు తోడేలు రూపమున వెంబడించు ఆ కథను పిల్లలకంటె పెద్దలే ఎక్కువ మెచ్చుకొనిరి.

ఇల్లు మొదటి భాగమును కంఠస్థము చేసియున్న, రెండవ భాగము తానై నడచునని మన తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. రామాయణమును ఎరుగని ఇల్లు లేదు గనుక, ఉత్తరరామాయణము తీసికొని వచ్చిన 1963 నాటి ‘లవకుశ’కు పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని వచ్చిరి. తెలుగున మొదటి పూర్తి రంగుల చిత్రమను ఆకర్షణ ఒకటి అదనము. చైనాలోను ఇట్లే జరిగినది. ‘నెజా’ అను బాలదేవుని కథ అచ్చటి ఇండ్లలో శతాబ్దములనాటిది. 2019లో వచ్చిన మొదటి భాగమునకు 70 కోట్ల డాలర్లకు పైగా వచ్చినవి. 2025 జనవరిలో, వారి సంవత్సరాదినాడు, విడుదలయిన రెండవ భాగము 200 కోట్ల డాలర్లను దాటి, బొమ్మల చిత్రములన్నింటిలో అగ్రస్థానము వహించినది. అందులో బహుభాగము చైనాలోనే వసూలయినది. ఆ ఏడే జూలైలో మన దేశమున అశ్విన్ కుమార్ దర్శకత్వమున ‘మహావతార్ నరసింహ’ తెలుగుతో సహా పలుభాషలలో విడుదలయి, 300 కోట్ల రూపాయలకు మించి వసూలు చేసినట్లు వ్యాపారపత్రికలు వ్రాసినవి. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ యైనప్పుడు, ఆ కథను క్రొత్తగా పరిచయము చేయవలసిన పని ఆ నిర్మాతలకు లేకపోయినది. దాని తరువాతి భాగముగా పరశురాముని కథను ప్రకటించియున్నారు.

ఇంతవరకు ఉత్తరకథలకు అనుకూలముగనే మాటలాడితిమి. మా మనస్సున నున్న భయమును కూడ చెప్పవలెను. 2020 మొదలు 2022 వరకు, అంటువ్యాధి కాలమున, పిక్సార్‌వారి క్రొత్త కథలయిన ‘సోల్’, ‘లూకా’, ‘టర్నింగ్ రెడ్’ మూడింటిని అమెరికాలో హాలుకు పంపక తిన్నగా ఇండ్లకే పంపిరి. క్రొత్త కథ ఎట్లును ఇంటికే వచ్చును, కొంచెము ఆగుదమని కుటుంబములు నేర్చుకొన్నవి. నేర్పినవారే నేడు ఆ ఫలమును అనుభవించుచున్నారు. 2023లో ‘ఎలిమెంటల్’ అను క్రొత్త కథ మొదటి వారము బలహీనముగా నడచి, నోటిమాటవలన మెల్లగా 49 కోట్ల డాలర్లకు చేరినది. 2025 జూన్ 20న వచ్చిన ‘ఎలియో’కు ఆ భాగ్యమును కలుగలేదు. పిక్సార్ చరిత్రలోనే అంత తక్కువ ప్రారంభము మరియొకటి లేదు. సరిగా ఆ దినముననే ‘కేపాప్ డెమన్ హంటర్స్’ అను మరియొక క్రొత్త కథ నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇండ్లలో విడుదలయి, ఆ సంస్థ చిత్రములలో అత్యధికముగా చూడబడినది. ఆగస్టులో రెండు దినములపాటు హాళ్లలో ప్రదర్శింపగా పిల్లలు గుంపులుగా వచ్చి అందలి పాటలను తెరతోపాటు పాడిరి.

పిల్లలకు క్రొత్త కథ అక్కరలేదని చెప్పువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురుగాక. ఐదవ ‘టాయ్ స్టోరీ’ 2026 సంవత్సరమునకు, మూడవ ‘ఫ్రోజన్’, ఐదవ ‘ష్రెక్’ 2027 సంవత్సరమునకు ప్రకటింపబడినవి. వానికి జనము వత్తురనుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. ‘ఫ్రోజన్’ రెండవ భాగము 2019లో తెలుగు మాటలతో వచ్చినప్పుడు, నిత్యా మీనన్, మహేష్ బాబు కుమార్తె సితార పెద్ద ఎల్సాకును చిన్న ఎల్సాకును గళము నిచ్చిరి. ఆనాడు దానిని చూచిన మన పిల్లలును మూడవదానికి కాచుకొనియే యుందురు. కాని 2035లో ఉత్తరకథ తీయవలెనన్న, నేడు ఏదో ఒక క్రొత్త కథ ఇండ్లలోనికి పోయి, నలుబదిసార్లు చూడబడుచు నుండవలెను.

డిస్నీ పందిపిల్లలకు మొదటి ఉత్తరకథ తీసి యిచ్చిన 1934వ సంవత్సరముననే, ఒకనాటి రాత్రి తన చిత్రకారులను పిలిచి కూర్చుండబెట్టి, రాణిని, మరుగుజ్జులను, అందరిని తానే అభినయించుచు, ‘స్నోవైట్’ కథను మొదటినుండి చివరివరకు వినిపించెను. అది తెరమీదికి వచ్చుటకు మూడేండ్లకు పైగా పట్టినది.